కొబ్బరినూనె రాసిన బెల్టు

మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, తాళం బిగుసుకున్నా, కుట్టుమిషను మొరాయించినా కొబ్బరినూనే మందు. కారుకి కూడా రాస్తారని మాత్రం నాకు తెలియదు.

నా చిన్న కారు పొద్దున్నే స్టార్టు చెయ్యగానే వీధి చివరిదాకా వినపడేలా కీచుమని అరిచేది. బెల్టు అరిగిందనీ, బ్యాటరీ చార్జింగుకీ నీళ్ల పంపుకీ ఏసీకీ అన్నిటికీ అదొక్కటే ఆధారమనీ మా బడి సైన్సు మాస్టారు చెప్పారు. కంటి ఆపరేషన్‌కి అమ్మని కొత్తపేట నుంచి అమలాపురం తీసుకెళ్లాలి. ఈలోగా మార్పించమని మా ఆయన్ని అడిగాను. ఆ సాయంత్రమే కారు తీసుకెళ్లి వచ్చి, మార్పించేశానన్నారు. మర్నాటినుంచి చప్పుడు లేదు. ఆదివారం చర్చిలో స్త్రీల కూటంలో లేచి, రెండోసారి చెప్పించుకోని భర్తనిచ్చినందుకు దేవునికి స్తోత్రమని సాక్ష్యం కూడా చెప్పాను. బుద్ధి లేకపోతే సరి.

ఆపరేషన్ రోజు కాలవ గట్టు మీద ఉండగా బ్యాటరీ ఎర్రలైటు వెలిగింది. వేడి చూపించే ముల్లు పైకి లేచింది. కారు పక్కకి ఆపి, ఆటో పట్టుకుని అమ్మని ఆస్పత్రికి చేర్చేసరికి మా వంతు దాటిపోయింది. మర్నాడు రమ్మన్నారు. అమ్మని ఇంట్లో దింపి, మెకానిక్ గారిని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లాను.

ఆయన పానాతో బిగువు వదులు చేసి, బెల్టు లాగి నా చేతిలో పెట్టారు. ఉబ్బి, జిడ్డుగా, గాళ్ల మధ్య రబ్బరు ఊడిపోతూ ఉంది. ఆయన వేళ్లు వాసన చూసుకున్నారు.

"ఇది పాతదేనండీ టీచర్ గారూ. ఎవరో కొబ్బరినూనె రాసేరండి. అరుపు ఆగుద్దండి గానీ, బెల్టు జారిపోద్దండి."

మా ఆయన మార్పించారండీ అన్నాను. మెకానిక్ గారు నా మొహంలోకి చూసి, సర్ఫు నీళ్లతో పుల్లీలు కడగడం మొదలుపెట్టారు. తుడిచి, ఆరాక, బెల్టు ఎలా తిరగాలో చూపిస్తూ బానెట్ కింద అతికించిన బొమ్మ చూసి నేను దారి చెబుతుంటే, వెంట తెచ్చిన కొత్త బెల్టు ఒక్కో పుల్లీ చుట్టూ తిప్పి ఎక్కించారు.

ఇంటికెళ్లి పాత బెల్టు భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"అరుపు ఆగాలన్నావు. ఆగింది కదా."

"అమ్మ ఉందండీ ఆ కార్లో."

"అమలాపురం దాకా వచ్చేస్తుందనుకున్నాను."

కోపం కన్నా ముందు సిగ్గేసింది. తీరిక లేదని ఒక్క మాట చెప్తే నేనే వెళ్లి మార్పించుకునేదాన్ని. అమ్మని ఎక్కించుకుంటానని తెలిసి కూడా నన్ను మోసం చేశారు. నమ్ముతానని ఆయనకి తెలుసు, అందుకే అంత తేలిగ్గా చెప్పగలిగారు.

మర్నాడు అమ్మకి ఆపరేషన్ బాగానే జరిగింది. అదై ఏడాది దాటింది. ఇప్పటికీ గ్యాస్ కట్టేశానని ఆయనంటే, లేచి వంటింట్లోకి వెళ్లి చూసొస్తాను. నేను వెళ్లడం ఆయన చూస్తారు.