పది నిమిషాలు చూశానని చెప్పాను

మొన్న సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. మంటకు రోడ్డు మీదే గంతులేశాను. బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా వేషాలు వాళ్లకు కొత్త కాదు. నాకు మాత్రం ఆ మంటలోంచి బాల్‌రెడ్డి అన్న కేక వినిపించింది. "నలపకురా! నలిపితే కన్ను పోతది!"

ఆయన మీకు తెలియదు. నన్ను మాత్రం ఈ ఊళ్లో ఎవరినడిగినా "కతల సత్తయ్యనా?" అంటారు. మా చెరువులో ఒక చేప సైకిలు మింగిందని, వల లాగినప్పుడల్లా దాని కడుపులో బెల్లు మోగుతుందని చెప్పి, శేరిగూడ కాలేజీ పిల్లలను ముగ్గురిని గట్టు మీద పొద్దుగూకేదాకా చెవులు రిక్కించి కూర్చోబెట్టినవాణ్ణి. కాబట్టి ఇది నమ్మండని అడగడానికి నాకు ముఖం లేదు. అయినా ఇది జరిగింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను విమానాల మరమ్మతు షెడ్డులో మెకానిక్‌గా చేరాను. మా మీద ఇంజనీరు బాల్‌రెడ్డి అన్న. మహేశ్వరం దిక్కు రైతు కుటుంబం, మాట మొరటు, చేయి మెత్తన. మేము పని చేసి చెబితే ఆయన పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే విమానం కదులుతుంది. చేరిన మొదటి రోజే నేను చేతితొడుగు లేకుండా హైడ్రాలిక్ ద్రవం ముట్టుకుని కన్ను నలుపుకున్నాను. లేత ఊదా రంగులో, షర్బత్ లాగా అమాయకంగా ఉంటుందది. మిరపకాయ దాని ముందు బెల్లం ముక్క. ఆయన నా మెడ పట్టి నల్లా కింద వంచి పావుగంట కదలనివ్వలేదు. తర్వాత తన సంచిలోంచి ఆముదం సీసా తీసి, ఎర్రబడ్డ నా వేళ్లకు పట్టించాడు. "అమ్మ లెక్క రుద్దుతున్నవ్ అన్నా" అన్నాను. "మీ అమ్మయితే రెండు తన్ని రుద్దుతుండె" అన్నాడు.

ఆ ద్రవం ఏం చేస్తుందో కూడా ఆయనే తన పద్ధతిలో చెప్పాడు. విమానం చక్రాలు ముడుచుకోవాలన్నా, రెక్కల మీది పలకలు కదలాలన్నా, బ్రేకు పడాలన్నా ఆ ద్రవం ఒత్తిడితోనే. అలాంటి వ్యవస్థలు మూడు, దేని గొట్టాలు దానివే. "మూడు బాయిలు అనుకో. ఒకటి ఎండితే పొలం ఎండదు. గాని బాయి ఎందుకెండిందో చూడనోడు రైతే కాదు." ఇంకో నియమం ఉండేది. ఎక్కడైనా తడి కనిపిస్తే తుడవాలి, పంపు వేసి ఒత్తిడి ఎక్కించాలి, పది నిమిషాలు కన్ను తిప్పకుండా చూడాలి. మళ్లీ చుక్క రాకపోతేనే "బాగుంది" అనాలి. "ఆ పది నిమిషాలు నోరు మూసుకుంటవా సత్తీ? నీకది ఉరిశిక్ష" అని నవ్వేవాడు.

వినాయక నిమజ్జనం రోజది. బాలాపూర్‌లో లడ్డూ వేలం. మా బామ్మర్ది వేదిక దగ్గరే చోటు పట్టి ఉంచానని పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నా రాత్రి డ్యూటీ చివర్లో ఒక విమానం చక్రాల గదిలో, గొట్టం బిగింపు దగ్గర తడి కనిపించింది. తుడిచాను. పంపు వేశాను. ఒక్క నిమిషం చూశానో లేదో. బాల్‌రెడ్డి అన్న పక్క విమానం దగ్గర్నుంచి, "ఏమైందిరా?" అని అరిచాడు. నా నోటికి కథ పుట్టడానికి ఎప్పుడైనా ఆలస్యమైందా? "నిన్న ద్రవం నింపినప్పుడు ఒలికిందన్నా. తుడిచిన, పది నిమిషాలు చూసిన. చుక్క లేదు!" ఆయన నా ముఖం కూడా చూడకుండా సంతకం పెట్టాడు. నా కథలకు అంతగా నవ్వే మనిషి, పని దగ్గర నా మాటను అంతగా నమ్మాడు.

బాలాపూర్‌లో డప్పులు, గులాల్, జనం. వేలం పాట పెరుగుతుంటే అందరితో పాటు నేనూ ఈల వేస్తున్నాను. ఫోన్ మోగింది.

"ఏడున్నవ్?"

"బాలాపూర్ల అన్నా! మస్తుగున్నదీడ!"

"మీదికి చూడు."

చూశాను. దూరంగా, దక్షిణాన, ఒక విమానం మెల్లగా తిరుగుతోంది. దిగే దారిలో లేదు, అయినా మూడు కాళ్లూ కిందికి వేలాడుతున్నాయి. "గాలిలకు లేవంగనే ఒక బాయి ఎండింది" అన్నాడాయన. "చక్రాలు బరువుకే కిందికి జారేటట్టు చేత్తోటి ఇడిసిన్రు. ఇగ లోపలికి రావు. నువ్వు చూసిన ఇమానమే అది." చుట్టూ జనమంతా వేదిక వైపు చూస్తున్నారు. నేనొక్కణ్ణే ఆకాశం చూస్తున్నాను. డప్పులు మోగుతున్నాయి కానీ నా చెవిలో ఏమీ లేదు. కింద ఎవరో పాట గెలిచినట్టున్నారు, ఎవరో నన్ను ఎత్తి ఊపారు. వాళ్ల చేతుల్లోంచి జారి బండి దగ్గరికి ఉరికాను.

సందుల్లో పడి విమానాశ్రయం చేరేసరికి విమానం దిగింది. ముందు చక్రం తిప్పే శక్తి పోవడంతో రన్‌వే మీదే ఆగిపోయింది, చుట్టూ అగ్నిమాపక బండ్లు. లాక్కొచ్చాక బాల్‌రెడ్డి అన్న చక్రాల గదిలోకి టార్చి వేశాడు. నేను తుడిచిన చోటే, బిగింపు కింద, వెంట్రుకంత చీలిక. ఆయన అడిగింది ఒకటే. "పది నిమిషాలు ఆగినవా?"

"ఆగిన అన్నా. ఒట్టు."

నా కథలన్నిటికీ నవ్విన మనిషి నవ్వలేదు. టార్చి ఆర్పేశాడు.

కాసేపటికి ఆ విమానం నడిపిన కెప్టెన్ వచ్చి ఆ గొట్టం చూపించమంది. విజయనగరం వైపు ఆవిడ. పైన ఏం చేశారని బాల్‌రెడ్డి అన్న అడిగాడు. "ఒకరం నడిపాం, ఒకరం ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసిన పుస్తకం చదివాం. చదివింది చేశాం, చేసింది మళ్లీ చదివాం. తొందరపడకుండా చుట్లు కొట్టాం. బ్రేకులు రెండో వ్యవస్థ నుంచి అందాయి. అంతేనండీ." నేను ఉండబట్టలేక, "భయం కాలేదా మేడమ్?" అన్నాను. "ఆ పుస్తకంలో దానికి గడి లేదండీ" అంది నవ్వుతూ. చేతిలో చాయ్ కప్పు నాకిచ్చి, టార్చి అందుకుని ఆ చీలికను దగ్గరగా చూసింది. అంతమందిని కిందికి దించిన చేతులవి.

విచారణ గదిలో ముందు బాల్‌రెడ్డి అన్నను అడిగారు. "సత్తయ్య చెప్పిండు, నేను నమ్మిన" అంటే చాలు, ఆయన లైసెన్సు నిలిచేది. అది నిజం కూడా. ఆయన అనలేదు. "సంతకం నాది సార్. చూసినంకనే పెట్టాలె. చూడలే." అంతే. నా పేరు లేదు. ఇరవై ఏళ్లు చెప్పిన అబద్ధాలన్నీ ఒక్క మాటతో ఆ మనిషి నా నెత్తి మీద పెట్టినట్టయింది. నా వంతు రాకముందే లేచాను. "చూడాల్సినోన్ని నేను సార్. లడ్డూ వేలానికి పోవాలని ఉరికిన. ఒక్క నిమిషమే చూసిన. అన్నకు అబద్ధం చెప్పిన."

నా ఉద్యోగం పోయింది. ఆయన సంతకం హక్కు కొన్నాళ్లు ఆపి, స్టోరులో పనిముట్లు ఇచ్చే పని అప్పగించారు. బయటికి వచ్చాక కాళ్ల మీద పడబోతే జబ్బ పట్టి లేపాడు. "నడువు. ఆకలైతుంది" అన్నాడు. క్షమించానని అనలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ అనలేదు. కానీ సాగర్ రోడ్డు మీద నేను జేసీబీల, టిప్పర్ల హైడ్రాలిక్ రిపేరు షెడ్డు పెట్టుకున్నప్పుడు, మొదటి రోజు వచ్చి పొద్దంతా కూర్చుని పోయాడు. ఆయన చనిపోయి రెండేళ్లు.

కథలు మానలేదు. మానితే ఊరు నన్ను గుర్తుపట్టదు. కానీ పోయిన వారం ఒక టిప్పర్ డ్రైవరు, ప్లాట్ల వెంచర్‌కు మొరం మట్టి తోలాలని తొందరపెడుతూ, "అన్నా, పైపు గట్టిగున్నదా? చూసినవా?" అన్నాడు. బిగించి అప్పటికి రెండు నిమిషాలు. "అవ్, పో" అనేది నాలుక చివరనే ఉంది.

"చూడలే" అన్నాను.

అతను నన్ను, నా షెడ్డును, నా తాతను తిట్టుకుంటూ టైరు మీద కూలబడ్డాడు. నేను నోరు మూసుకుని, ఆ గొట్టం ముందు గొంతుక్కూర్చున్నాను.