నీటిని లాగే ఉప్పు

పక్కవాటాలో ఎవరో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారు. కిటికీ మూసినా ఆ వాసన పోవడం లేదు, మా అనకాపల్లి ఇంటి గదులన్నీ తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తోంది. నాకు హార్ట్ ఫెయిల్యూరని డాక్టరు తేల్చి ఏడాది దాటింది. గుండె ఆగిపోవడం కాదట, ఒంటికి చాలినంత రక్తం తోడలేక నీరసపడటమట. అప్పట్నుంచీ పొద్దున్నే కాటా ఎక్కి బరువు చూసుకోవడం, కొలిచి తాగే నీళ్ళు, వేళకి మాత్రలు, పేరుకి ఉప్పు. ఎండుచేప గడప తొక్కకూడదు. చేపల మధ్య పుట్టిపెరిగిన దానికి ఇంతకంటే శిక్షేముంటుంది? నోరైతే కట్టుకున్నాను గాని ముక్కునెలా కట్టుకోను?

మా పల్లె సముద్రం ఒడ్డునే. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో ఇసుక మీద పాతవలలు పరిచి, నెత్తళ్ళూ కవళ్ళూ సావడాల్లాంటి చేపలు ఆరబోస్తే, దూరం నుంచి తీరమంతా వెండిలా మెరిసేది. కాకుల్నీ కుక్కల్నీ తోలడం పిల్లల పని. మేము కర్రలు పారేసి తడి ఇసుకలో పీతల బొరియలు తవ్వుకుంటూ, అలలకి ఎదురెళ్ళి తడుస్తూ ఆ పని మరిచిపోయేవాళ్ళం, నాయనమ్మ చూసిందంటే వీపు విమానం మోతే. ఆవిడ పెద్దచేపల్ని చీల్చి, పేగులు తీసి, రాళ్ళుప్పు దట్టించి కుండలో వరసగా పేర్చేది. తెల్లారేసరికి కుండలో ఎర్రటి నీరు ఊరి ఉండేది.

“సూసేవా, సేపలో నీరంతా ఉప్పు లాగేత్తాది. నీరు పోతే ఇంకేటీ అవదు,” అనేది నాయనమ్మ. ఉప్పు విషయంలో పల్లెలో ఆవిడ మాటకి తిరుగులేదు.

మా నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు. ఉగాది ముందొచ్చే కొత్తమావాస్యకి నూకాలమ్మ జాతరకి నన్ను భుజానెక్కించుకుని, అంత జనంలోనూ కెరటాల్లో ఈదినట్టు దారి చేసుకుంటూ పోయేవాడు. చేతినిండా జీళ్ళు, ఖర్జూరం, ఇంటికొచ్చాక బూరెలు, వేటమాంసం. అలాంటి మనిషి ఒక ఏడు జాతర మధ్యలో నన్ను దింపేసి, ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు. ఆయాసంతో మాట రాలేదు. తర్వాత కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పూడేది. నాకదో ఆట, ఆయన కాళ్ళు చాపి నవ్వుతూ ఆడనిచ్చేవాడు. పడుకుంటే ఊపిరాడక గోడకి జేరబడే నిద్రపోయేవాడు.

ఒంటికి నీరు పట్టిందని ఊరంతా తేల్చేశారు. నీరు పడితే ఏం చెయ్యాలో మావాళ్ళకి ఒకరు చెప్పాలా? కుండలో రోజూ చూస్తున్నదే కదా. నాయనమ్మ చెప్పింది, అమ్మ చేసింది. గంజిలో ఉప్పు, పూటపూటకీ ఉప్పుచేప పులుసు. నోరు పొక్కుతోందని ఆయన మొహం తిప్పుకుంటే, అమ్మ ముద్దలు చేసి, బతిమాలి, “తినీ మావా, నీరు లాగేత్తాది,” అంటూ నోట్లో పెట్టేది. దాహమేసి ఆయన చెంబులకి చెంబులు నీళ్ళు తాగేవాడు. వాపు మోకాళ్ళు దాటి పొట్టకెక్కింది. ఉప్పు చాల్లేదనుకుని ఇంకా వేశారు. తొలకరి పడేసరికి నాన్న లేడు.

మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుందని చావింట్లో అందరూ అమ్మని మెచ్చుకున్నారు. ఆ మాటే ఊతంగా ఆవిడ నన్ను పెంచి పెద్ద చేసింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, వంట ఆవిడదే. ఉప్పెందుకు మానేశావంటే బీపీ అని దాటేశాను. కానీ ఒకసారి ఆస్పత్రికి నన్నొక్కదాన్నీ పంపనని వెంటవచ్చింది. డాక్టరు కుర్రాడు, మంచివాడు. వండేది ఆవిడే అని తెలిసి ఓపిగ్గా చెప్పాడు.

“ఉప్పు ఎక్కువైతే నీరు ఒంట్లోనే ఉండిపోద్ది అమ్మా. కాళ్ళు వాచేదీ, ఆయాసమొచ్చేదీ అందుకే. ప్రేమకొద్దీ ఉప్పేసి పెట్టకండి.”

అమ్మ తలాడించింది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంది.

“మీ అయ్యకీ ఇదేనేటి?”

కాదన్నాను. అది వేరే జబ్బన్నాను. ఆ రోజుల్లో ఈ మందులెక్కడున్నాయన్నాను. ఆవిడ నా మొహంకేసి చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మొన్నామధ్య పల్లెకెళ్ళాను. చేపలారబోసిన ఇసుకని సగం సముద్రం కోసుకుపోయింది, మిగిలినచోట ఐసుపెట్టెల బళ్ళు నిలబడుతున్నాయి. ఉప్పు కుండలు లేవు, కాకుల్ని తోలే పిల్లలు లేరు. నిజం చెప్పాలంటే వాటి కోసం నాకు ఏడుపు రాలేదు. మొగుణ్ణి బాగా చూసుకున్నానని అమ్మ మొహంలో ఉండే ఆ ధీమా పోయింది చూడండి, దానికొచ్చింది ఏడుపు.

నేను మాత్రం బాగుపడుతున్నాను. వీధి చివరిదాకా ఆగకుండా నడుస్తున్నాను, వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాను. కిందటి వారం ఎకో తీసి, గుండె బలం పుంజుకుందని, మందులు మానకుండా ఇలాగే జాగ్రత్తగా ఉంటే చాలాకాలం సుఖంగా ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ కబురు అమ్మకి ఎలా చెప్పాలా అని భయపడ్డాను. చెప్పాక నా తల నిమిరి, నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది. నెమ్మదిగా అడిగింది.

“నీకు తగ్గిందంటే, మీ అయ్యకీ తగ్గేది కదే?”