మూయమంటే మూయని చాకు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, ములకలపల్లి వైపు ఊళ్లలో డిగ్రీ పూర్తి చేయడమంటే పట్టా పుచ్చుకోవడం ఒక్కటే కాదు, ఊళ్లో చెడిపోయిన సమస్త వస్తువులకూ బాధ్యుడు కావడం. మా ఇంట్లో నాకు ముందు కళాశాల గడప తొక్కినవారు లేరు. అందువల్ల నేను భౌతికశాస్త్రంలో ఉత్తీర్ణుణ్ణయ్యానని తెలిసిన మరుసటి ఉదయం నుంచే మూగబోయిన రేడియోలు, తిరగని ఫ్యాన్లు, ఒకసారి దగ్గుతున్న మేకపిల్ల కూడా మా అరుగు మీదికి వచ్చాయి. (మేకపిల్లను నేను పరీక్షించాను కూడా. అది నా శాస్త్రం పరిధిలోకి రాదని చెప్పడానికి గౌరవం అడ్డు వచ్చింది.) హోదాకు తగినట్టు నేను కూడా అచ్చులో కనిపించే తెలుగులోనే మాట్లాడేవాణ్ణి. ఇంట్లోవాళ్లకు అందులో సగమే అర్థమయ్యేది. వారి గౌరవమంతా ఆ అర్థం కాని సగం మీదనే.

మా మేనమామ అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టరు నడిపేవాడు. నేను పాసైన సంతోషంలో భద్రాచలం నుంచి నాకొక మడత చాకు కొనుక్కొచ్చాడు. మామకు బజారంటే ప్రాణం. బజారులో ఎవరైనా ‘ఫారిన్ మాల్’ అన్నారంటే ఇక ఆయన కాళ్లు కదలవు. అంతకుముందు ఆయన తెచ్చిన గొడుగు వాన లేనప్పుడు మాత్రమే తెరుచుకునేది. టార్చిలైటు పగటిపూట బ్రహ్మాండంగా వెలిగేది. అందుకే ఆయన చాకును నా చేతిలో పెడుతుండగా పక్కనే ఉన్న అత్త తేల్చి చెప్పింది.

“ఇదే ఆఖరు. ఇది గూడ పాడైందనుకో, ఇగ నువ్వు బజారు మొహం సూసేది లేదు. ఉప్పు కాణ్ణుంచి చెప్పుల దాక అన్నీ నేనే కొంట.”

“పాడైతదా? ఫారిన్ మాలే ఇది! వచ్చే ఆదివారం అల్లుడు మనింటికి తెస్తడు. నీ ముందట్నే అనాసకాయ కోసి సూపిస్త” అన్నాడు మామ. నవ్వుతూనే అన్నాడు గాని చూపు మాత్రం చాకు మీంచి తీయలేదు. వారమంతా ట్రాక్టరు మీద దుమ్ము తినే మనిషికి ఆదివారం బజారు ఒక్కటే విలాసం. అదిప్పుడు నా జేబులోని చాకు మీద ఆధారపడి ఉంది.

ఆ చాకు తెరుచుకునేటప్పుడు ‘టక్’మని గొప్ప శబ్దం చేసేది. దాని ప్రతిభ అంతటితో సమాప్తం. జామకాయ మీద పెట్టి నొక్కగానే, పెద్దలు ఎదురైనట్టు తల వంచి నా బొటనవేలి మీద వాలింది. విప్పి చూశాను. పిడి లోపల ఒక పలుచని ఉక్కు పట్టీ ఉంటుంది. చాకు తెరుచుకోగానే అది పక్కకు జరిగి, కోసే అలుగు వెనక్కి ముడుచుకోకుండా అడ్డం నిలవాలి. మా పట్టీ నిలిచేది కాదు. మధ్యాహ్నం దాటిన కార్యాలయంలో గుమాస్తాలాగా ఓ పక్కకు ఒరిగి ఉండేది. దీనిని ఇంగ్లీషులో లాక్ అంటారు గనుక, నేను శ్రద్ధగా అనువదించి, “చాకు తాళం సరిగా పడడం లేదు నాన్నా” అని విన్నవించాను.

“సాకుకు తాళమేందిరా?” అన్నాడు నాన్న.

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. “తాళంచేయి ఏడ పారేసినవ్ మరి? ఏ వస్తువన్న ఒక్కకాడ పెట్టే అలవాటున్నదా నీకు?” (అమ్మ సాయంత్రం దాకా వెదికింది. తాళంచెవి ఒకటి దొరికింది కూడా. ఎవరిదో ఇప్పటికీ తెలియదు.)

శనివారం నేను కార్యరంగంలోకి దిగాను. మరలు ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, పట్టీని పట్టకారుతో బయటికి వంచాను. సందు ఇంకా మిగిలితే రేకు డబ్బా మూత నుంచి చిన్న ముక్క కత్తిరించి అందులో దూర్చాను. ఇప్పుడు ‘టక్’ శబ్దంలోనే ఒక గాంభీర్యం వచ్చింది. నొక్కాను, నిలిచింది. జామకాయ కోశాను, నిలిచింది. ఉత్సాహం ఆపుకోలేక పలుపుతాడు కోశాను, నిలిచింది. (బర్రె నిలవలేదు.) ఆ తర్వాత మూయబోతే చాకు మూసుకోలేదు. నేను గుంజాను, నాన్న గుంజాడు, బర్రెను వెదికి తోలుకొచ్చిన పక్కింటాయన కూడా గుంజాడు. నాన్న చెమట తుడుచుకుంటూ, “మడత సాకును ఒట్టి కత్తి జేసినవ్ గదరా! గిందుకేనా సదివింది?” అన్నాడు.

అయినా మామకు కావలసింది తెరుచుకొని నిలిచే చాకే కదా అని ధైర్యం తెచ్చుకొని, దానిని తువ్వాలులో చుట్టుకొని ఆదివారం బస్సెక్కాను. దారిలో పోలీసుల తనిఖీ. కానిస్టేబులు తువ్వాలు విప్పాడు.

“ఏందిది?”

“మడత చాకు సార్.”

“మడత ఏడున్నది?”

“ప్రస్తుతం లేదు సార్. దానిని అపరిమితంగా బిగించడమైనది.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ అడవి దారుల్లో ఆ రోజుల్లో అచ్చు తెలుగు మాట్లాడేవారు రెండు రకాలే: పంతుళ్లు, అన్నలని పిలిచే నక్సలైట్లు. ఏం పని చేస్తావని అడిగితే, నేను పంతులును కానని అంతకు నిమిషం ముందే ఆయనకు చెప్పి ఉన్నాను.

“మూయ్!” అన్నాడు.

నేను నోరు మూశాను.

“మూయ్ అంటున్న గదా!”

పెదవులు ఇంకా బిగించాను.

“అరే, చెవులు పనిజేస్తలేవా? మూయ్!”

రెండు చేతులతో నోరు కప్పుకున్నాను. వెనుక సీటులోని ముసలమ్మ ఇక ఉండబట్టలేక, “ఓ పిలగా, ఆయన మూయమనేది సాకునయ్యా, నోరు గాదు!” అంది. బస్సు బస్సంతా గొల్లుమంది. కానిస్టేబులు కూడా నవ్వు ఆపుకోలేక, చాకు తీసుకొని బస్సు దిగి, అలుగు వీపును తమ జీపు బంపరుకేసి ఒక్కటిచ్చాడు. అది ఠపీమని మూసుకుంది. “గింతే! దీనికా గింత లొల్లి?” అని కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. నా రేకు ముక్క మాత్రం రోడ్డు మీద పడి తళతళ మెరుస్తోంది.

అత్త వాళ్లింట్లో అనాసకాయ పళ్లెంలో సిద్ధంగా ఉంది. మామ ఇరుగుపొరుగును కూడా పిలిచాడు. నేను ఆయన చెవి దగ్గర, “మామా, తాళం మళ్లీ పోయింది” అన్నాను.

“తాళంతో ఏం పనిరా? తలుపు తెరిసే ఉన్నది గదా!” అని చాకు లాక్కున్నాడు. ‘టక్’మనిపించి అందరివైపూ ఒకసారి చూశాడు. అనాసకాయ మీద పెట్టి నొక్కాడు. చాకు తల వంచింది. మామ తల కూడా వంగింది.

ఇక ఊరుకోలేకపోయాను. “అత్తమ్మా, ఇది లోపం కాదు. అధిక పీడనాన్ని గ్రహించి ఈ పరికరం...”

“ఆగు అల్లుడా” అంది అత్త. “నువ్వొకటి, గా సాకొకటి. ఇప్పేటప్పుడు టక్కుమంటరు. పని పడ్డప్పుడు ముడుసుకుంటరు.”

అందరికంటే ముందు నవ్వింది మామే. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. అత్త కత్తిపీట ముందేసుకొని అనాసకాయ కోసి, పెద్ద ముక్క ఆయనకే ఇచ్చి, తీర్పు సవరించింది. “ఇగ ఒక్కడివి బజారుకు పోకు. అల్లుణ్ణి తోలుకపో. పాడైన సామాను ఎట్లుంటదో పిలగానికి ఇప్పుడు మంచిగ ఎరుకైంది.”

ఖమ్మంలో నాకు ఉద్యోగం వచ్చేదాకా, ఆదివారాలు మామా నేనూ కలిసే మోసపోయాం. “ఎట్లున్నది అల్లుడా?” అని ఆయన అడిగేవాడు. నేను వస్తువును ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి, “నాణ్యత సంతృప్తికరంగా ఉన్నది మామా” అని ధ్రువీకరించేవాణ్ణి. ఆ ధ్రువీకరణతోనే ఒకనాడు రెండూ ఎడమ కాలి చెప్పులే కొని, ఇంటి సందు మలుపులో ఆగి, అత్తకు ఏం చెప్పాలో తెలియక ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇప్పుడు ఏది కొన్నా నలుగురినీ విచారించి కొంటున్నాను. మా ఇంట్లో అన్నీ చక్కగా పనిచేస్తాయి. అయినా ఏ సంతలోనో అప్పటి నేనైన ఆ కుర్రవాడు ఎదురై, ఏదో ఒక వస్తువును అంత గంభీరంగా ఎండకు పట్టి చూస్తుంటే, వద్దని వారించను. ఎంతకిచ్చారని కూడా అడగను. నాకూ అలాంటిదే ఒకటి చూడమంటాను.