నాలుగో పిల్ల జాడ

మా కంపెనీ పాత వాచ్‌మన్ బాబాయ్ పోయాడని పోయిన గురువారం పొద్దున తెలిసింది. మస్కట్ వాదీ కబీర్ పేటలో మా బిల్డింగ్ కింద పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి ఫోన్ చూసుకుంటే, ఆయన నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. ఆయనే అనుకుని, లిఫ్టులో పైకి వెళ్తూ తీరిగ్గా నొక్కాను. ఆయన కూతురి గొంతు వినబడింది.

"మేడం, నాయిన పోయిండు. నిన్న పొద్దుగాల చాయ్ తాగి మంచం మీద ఒరిగిండు, మల్ల లేవలే. మొన్నటిదాక అడిగిండు, మేడం ఏమన్న పంపిందా అని. మీకు చెప్పాలె గద అని చేసిన."

నేనేమీ పంపలేదు. ఆయన చివరి మెసేజ్ వచ్చి అప్పటికి పదకొండు రోజులైంది. "బిడ్డా, నాలుగోదాని అడుగు ఒక్కటి ఫోటో కొట్టి పంపు. ఒక్కసారి కండ్లార సూస్త" అన్నాడు అందులో. విన్నాను, జవాబివ్వకుండా పక్కన పెట్టాను. ఎందుకు పక్కన పెట్టానో చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆయన మా కంపెనీ క్రషర్ సైట్‌లో కాపలా ఉండేవాడు. రుసైల్‌లోని మా ఆఫీసు నుంచి గంటన్నర దూరం, కొండల మధ్య రాళ్ళు పగలగొట్టే చోటు. నేను ఆఫీసులో కాగితాలు చూసే మనిషిని. రిజిస్టర్లలో సంతకాల కోసం ప్రతి బుధవారం పొద్దున్నే కంపెనీ కారులో అక్కడికి వెళ్ళేదాన్ని. ఆయనది జగిత్యాల వైపు, తాతల నాటి నుంచి గొర్రెలు కాచిన ఇల్లు. మాది కాకినాడ. మొదటిసారి "బాబాయ్" అని పిలిస్తే ఆయన నవ్వాడు.

"మా దిక్కు కాక అంటరు బిడ్డా. నువ్వు నీ తీరుగనే పిలువు, నేను పలుకుత."

ఆయనకు ఒక అలవాటుండేది. సాయంత్రం ఆఖరి లారీ వెళ్ళాక ఖర్జూరపు మట్ట పట్టుకుని గేటు నుంచి తన క్యాబిన్ దాకా నేలంతా ఊడ్చేవాడు. ముందుకు ఊడ్చుకుంటూ వస్తే మన అడుగులు పడతాయి కదా, అందుకని వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడ్చేవాడు. పొద్దున్నే ఆ నేలను పేపరు చదివినట్టు చదివేవాడు. అది పూర్తయ్యేదాకా గేటు తీసేవాడు కాదు. మా డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవాడు. నేను దిగి నడిచి వెళ్తే అంచులో నిలబెట్టి చూపించేవాడు.

"గిది నక్క. గిది కొండవతలి ముసలాయన మేక, కాలు కుంటుతది. గిది మన వంటాయన, తెల్లారకముందు బయటికి పోయిండు, తన చెప్పులు కాదు, వేరేటోని చెప్పులేసుకొని."

వంటాయనను అడిగితే నిజమే. ఆ తర్వాత వంటాయన మా బాబాయ్‌కి మజ్జిగ రెండు గ్లాసులు పోసేవాడు.

కుక్క జాడకూ తోడేలు జాడకూ తేడా నాకు ఆయనే నేర్పాడు. కుక్క ఎటు పోతుందో దానికే తెలియదట, అటు వాసన చూసి ఇటు వాసన చూసి వంకరటింకరగా పోతుంది. తోడేలు పనున్న మనిషిలా పోతుంది. ముందుకాలు పెట్టిన చోటే వెనకకాలు పెడుతుంది, దారం పట్టి గీసినట్టు ఒకటే వరస. పైగా ఇక్కడి తోడేలుకు మధ్య రెండు వేళ్ళ మెత్తలు వెనక వైపు అతుక్కుని ఉంటాయి. ఆ సంగతి ఆయనకు కొండ అవతల మేకలు పెంచే ఒమానీ ముసలాయన చెప్పాడు. "మా దిక్కు తోడేలుకు నేనెన్నడు చూడలే. ఈడ చూస్తున్న" అనేవాడు, కొత్త దేశంలో కొత్త చుట్టాన్ని పరిచయం చేసుకున్నట్టు.

ఒక శీతాకాలం ఆ నేల మీద రెండు వరసలు పక్కపక్కన కనిపించాయి. ఒకటి దారం గీసినట్టున్నది. రెండోది వంకరటింకర. రెండోదాన్ని నేనూ గుర్తుపట్టాను, లేబర్ క్యాంపు చుట్టూ తిరిగే పసుపుపచ్చ ఆడకుక్కది.

"తోడేలు కుక్కని చంపి తింటుంది కదా బాబాయ్?"

"ఆకలైనప్పుడు తింటది. తన జాతిది ఒక్కటి గూడ దొరకకపోతే, గప్పుడు కుక్క ఎంట పోతది. ఏం జేస్తది బిడ్డా? కొండంత తిరిగినా ఇంకొకటి లేకపాయె. నాలుగేండ్ల సంది నేను చూసింది గా ఒక్క మగదాన్నే."

"అయితే పిల్లలు ఏమవుతాయి? కుక్కలా, తోడేళ్ళా?"

ఆయన మట్టతో నేల మీద ఏదో గీసి చెరిపేశాడు. "పుట్టినంక అవ్విటినే అడుగుదాం" అన్నాడు.

పుట్టాయి. ఎండలు ముదిరేలోపే వాటి అడుగులు ఊడ్చిన నేల మీదికి వచ్చాయి. ఒక బుధవారం నన్ను కూర్చోబెట్టి లెక్క చూపించాడు. తల్లి వెనక నాలుగు చిన్న వరసలు. పది అడుగులు తండ్రిలా నేరుగా, తర్వాత తల్లిలా రెండడుగులు పక్కకు, మళ్ళీ పది నేరుగా. ఒక కాలికి వేళ్ళు అతికి ఉంటే ఇంకో కాలికి విడిగా ఉన్నాయి. నాలుగోది మిగతావాటికంటే వెనకగా, కొంచెం దూరంగా నడిచింది. ఆయన మోకాళ్ళ మీద వంగి దాన్ని చూస్తున్నప్పుడు మొహంలో ఉన్న సంబరం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

నెల తిరక్కుండానే ముసలాయన మేకలు రెండు చచ్చిపోయాయి. ఆయన వచ్చి మా మేనేజర్‌తో గొడవ పడ్డాడు, మీ క్యాంపు జంతువులే చంపాయని. మేనేజర్ కుక్కల్ని పట్టేవాళ్ళను పిలిపిద్దామన్నాడు. దానికి ముందు ఒక ఫారం నింపాలి. అందులో రెండే గడులు. వీధికుక్కలైతే మొదటి గడి, పట్టుకుపోతారు. అడవి జంతువైతే రెండో గడి, ఎవరూ ముట్టుకోకూడదు, అధికారులు వచ్చి చూసేదాకా పని ఆపాలి. నింపాల్సింది నేను. సైట్‌లో చూసిన మనిషిగా సంతకం పెట్టాల్సింది బాబాయ్.

"పని ఆగితే నష్టం ఎవరు భరిస్తారు? కుక్కలు అని రాసెయ్" అన్నాడు మేనేజర్. నేను వాదించలేదు. ఇప్పుడు ఎన్ని సాకులైనా చెప్పుకోవచ్చు, నా వీసా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది, మావారికి అప్పుడు ఉద్యోగం లేదు. కానీ నిజం ఏమిటంటే, నేను అంతగా ఆలోచించనే లేదు. ఆయనకు ఆ జాడలు ఎంత ముఖ్యమో తెలిసి కూడా మొదటి గడిలో టిక్కు పెట్టాను.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"కుక్కలు అని."

"రెండు గూడ రాయరాదా?"

"ఒకటే రాయాలి బాబాయ్. ఫారం అలా ఉంది."

ఆయన పెన్ను అందుకున్నాడు. అప్పుడు పక్కనే ఉన్న మేనేజర్ పిల్లలెన్ని అని హిందీలో అడిగాడు. "తీన్ హై సాబ్" అన్నాడు బాబాయ్. నా వైపు చూడలేదు. నేను మూడు అని అంకె వేశాను. ఆయన కింద సంతకం చేశాడు.

పట్టేవాళ్ళు వచ్చి తల్లినీ మూడు పిల్లలనూ బోనులో వేసుకుపోయారు. తల్లి అరిచిందట. పిల్లలు మాత్రం మొరగలేదట, ముగ్గురూ మూతులు పైకెత్తి ఊళ పెట్టాయట. వాటిని ముగ్గురూ అనే అన్నాడాయన. తర్వాత వాటిని ఏం చేశారో నేను ఎవరినీ అడగలేదు. ఎవరూ చెప్పకపోయినా నాకు తెలుసు.

 ఆయన క్యాబిన్ మెట్టు పక్కన పాత డ్రమ్ము కోసి నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళిన ప్రతి బుధవారం నన్ను అంచులో నిలబెట్టి నాలుగోదాని వరస చూపించేవాడు. అది పెరుగుతోంది. అడుగు పెద్దదవుతోంది. ఆయన మెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే గేటు అవతల రాళ్ళ మధ్య కూర్చునేదట. దగ్గరికి వచ్చేది కాదు, దూరంగానూ పోయేది కాదు. "దానికి నేనేమైతనో దానికే తెల్వదు" అని నవ్వేవాడు.

రెండేళ్ళ కిందట కంపెనీ ఆయన వీసా రద్దు చేసి ఇంటికి పంపేసింది. వయసైపోయిందన్నారు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళేముందు రూవి బజారులో పెళ్ళాం కోసం ఒక దుప్పటి కొని, నన్ను కలిసి ఒకటే అడిగాడు. "నేను లేకున్నా అది అస్తది. వారానికొక్కసారి నేల చూడు బిడ్డా. ఎట్లున్నదో నాకు చెప్పు."

చెబుతానన్నాను. మూడు వారాలు చూశాను. ఆ తర్వాత నన్ను పూర్తిగా రుసైల్ ఆఫీసులోనే కూర్చోబెట్టారు. సైట్‌కు పోవడం ఆగిపోయింది. ఆయన మెసేజ్‌లు ఆగలేదు. "అచ్చిందా?" అని అడిగితే "వచ్చింది బాబాయ్" అన్నాను. నేను వెళ్ళలేదని చెప్పడానికి సిగ్గేసింది. "వేళ్ళు కలిసినయా, ఇడిచినయా?" "ఒకటి కలిసింది, ఒకటి విడిగా ఉంది." "నీళ్ళు తాగిందా?" "తాగింది." రెండేళ్ళు ఇలాగే చెప్పాను. లేని జాడను ప్రతి నెలా కొంచెం పెద్దది చేశాను. ఆయన అటు ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడట, మస్కట్‌లో తనదొకటి తిరుగుతోందని.

ఆఖరికి ఫోటో అడిగాడు. అబద్ధాన్ని ఫోటో తీయలేం కదా. అందుకే పక్కన పెట్టాను.

ఆయన పోయాడని విన్న మర్నాడు శుక్రవారం. మావారిని బతిమాలి కారులో సైట్‌కు తీసుకెళ్ళమన్నాను. ఇప్పుడు అక్కడ కొత్త వాచ్‌మన్, చిట్టగాంగ్ అతను. నేలనిండా లారీ టైర్ల గుర్తులే. డ్రమ్ము తలకిందులుగా పడి ఉంది. జంతువేమైనా కనబడుతోందా అని అడిగితే తెలియదన్నాడు. ఎండిన మట్ట ఒకటి వెతికి, అతను వింతగా చూస్తుండగా, గేటు నుంచి క్యాబిన్ దాకా ఊడ్చాను. వెనక్కి నడుస్తూనే ఊడ్చాను. రెండుసార్లు తడబడి పడబోయాను. డ్రమ్ము తిప్పి నిలబెట్టి నీళ్ళు పోశాను.

"తెల్లవారి మళ్ళీ గంటన్నర రావాలా?" అన్నారు మావారు.

"రావాలి."

శనివారం వెలుగు వస్తూండగా చేరాం. చలికాలం, మంచు బాగా పడి నేలంతా తడిగా, నల్లగా ఉంది. గేటు అంచులో నిలబడ్డాను, ఆయన నన్ను నిలబెట్టిన చోటే.

ఒక వరస ఉంది. వాగు వైపు నుంచి కంచె కింద దూరి వచ్చింది. నేరుగా పది అడుగులు, పక్కకు రెండు, మళ్ళీ నేరుగా. నీళ్ళ దగ్గర ఆగలేదు. క్యాబిన్ మెట్టు దగ్గరికి వెళ్ళింది. మెట్టు ముందు గుండ్రంగా తిరిగింది, కుక్కలు పడుకోబోయే ముందు తిరిగినట్టు. అక్కడ నేల మీద ఒక ఒంటి మేర పొడిగా, తెల్లగా ఉంది. మంచు పడుతున్నంతసేపూ ఏదో అక్కడే పడుకుని ఉంది. మేం వస్తున్న చప్పుడుకు ఇప్పుడే లేచిపోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు చూశాను. కలిసినట్టే ఉన్నాయి, విడిగానూ ఉన్నాయి. అది నాలుగోదేనా, ఏ ఊరకుక్కో దారి తప్పి వచ్చిందా, నాకు తెలియలేదు. చూసి చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. నాకు ఏడుపొచ్చింది, మావారి ముందూ ఆ వాచ్‌మన్ ముందూ సిగ్గు లేకుండా ఏడ్చాను.

తర్వాత ఆయన నంబరుకు ఫోటో పంపి, కూతురికి చెప్పాను. "అమ్మా, నాన్నగారి ఫోటో దగ్గర చెప్పు. పిల్లలు నాలుగు. మూడని రాసింది నేనే. నాలుగోది వచ్చింది, ఆయన మెట్టు దగ్గరే పడుకుని వెళ్ళింది."

ఫోన్ దించి చూసేసరికి కొండ మీదుగా ఎండ పడింది. మెట్టు ముందు ఆ పొడి మచ్చ ఇంకా ఉంది. దాని చుట్టూ ఉన్న తడి ఒక్కో వేలు మేర తెల్లబడుతూ వచ్చింది. మేం ముగ్గురం కదలకుండా చూస్తుండగానే నేలంతా ఒకటే రంగుకు వచ్చింది, అక్కడ ఏది పడుకుందో ఇక ఎవరూ చెప్పలేనట్టుగా.