గోడలోంచి వచ్చిన చేతులు

మాది బట్టల కొట్టు కుటుంబం. కొనేటప్పుడు నచ్చిన సరుకును ముందు తిట్టాలి, మొహంలో ఇష్టం కనబడితే ధర దిగదు. కొత్తగా మిషిగన్ వచ్చిన నా భార్యదీ కొట్టు ఇల్లే.

డెబ్బైల చివర్లో ఒక శనివారం యూనివర్సిటీ హాల్లో పాత ఫ్రెంచి సినిమా వేశారు. అందులో ఒక అమ్మాయి మృగం కోటలోకి వెళుతుంది. ఆమె నడుస్తుంటే పరదాలు ఉప్పొంగాయి, గోడల్లోంచి మనుషుల చేతులు కొవ్వొత్తులు పట్టుకుని బయటికొచ్చాయి. ఆ కొవ్వొత్తులు వాటంతటవే వెలుగుతుంటే నేను ఊపిరి పీల్చడం మరిచాను. మర్నాడు ఇంకో ఆట ఉంది, మళ్లీ చూడాల్సిందే. కానీ ముందు అడిగినవాళ్లు ఓడినట్టే.

"గోడ వెనక మనుషుల్ని నిలబెట్టారు, అంతే," అన్నాను బయటికొస్తూ.

"పరదాలు కూడా నాసిరకమేనండీ," అంది నా భార్య.

కొట్టువాడు వెనక్కి పిలుస్తాడని మెట్లు దిగే బేరగాళ్లలా మంచులో కారు దాకా నడిచాం. పిలవడానికి ఎవరూ లేరు. ఇంజన్ వేడెక్కేదాకా ఇద్దరం బిగుసుకుని కూర్చున్నాం.

"ఆ పరదాలు పట్టో నూలో తేలలేదండీ," అంది చివరికి. "దగ్గర్నుంచి చూస్తే తెలిసేది."

"సరే, నీకోసం రేపు ముందు వరుసలో కూర్చుందాం," అన్నాను, పెద్ద నష్టానికి ఒప్పుకున్నవాడిలా.