టేకులపల్లి అడవిలో ఇరవై మూడు ఫోన్లు

మార్చి నెలాఖరులో ఒక సోమవారం, సికింద్రాబాదు నుంచి ఖమ్మం వైపు వెళ్ళే పొద్దుటి బండి ఆరు గంటలకు కదిలింది. నా ఒళ్ళో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో నల్లటి స్పాంజి మధ్య పన్నెండు ఎలక్ట్రానిక్ కార్డులున్నాయి. పై అరలో పెడితే కుదుపులకు ఏమవుతాయోనని ఖమ్మం దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

అవి ఎనభైల చివరి రోజులు. మనిషి కూర్చుని ప్లగ్గులు గుచ్చి ఫోన్లు కలిపే బోర్డులను తీసేసి, వాటంతట అవే కలిపే చిన్న ఎక్స్ఛేంజీలను ఊళ్ళలో పెడుతున్నారు. నేను టెలిఫోన్ శాఖలో జూనియర్ ఇంజనీరును. మా సెక్షన్లో పద్దెనిమిది మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. టేకులపల్లి అవతల అడవిలో ఉన్న రాళ్ళగూడెం అనే ఊరికి ఎవరు వెళ్తారని ఆఫీసరు అడిగితే ఎవరూ తల ఎత్తలేదు. నేను వెళ్తానన్నాను.

అది ధైర్యం కాదు. నన్ను బిల్లుల విభాగానికి మార్చమని అప్పటికే ఒక దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళున్నారు. మధ్యాహ్నం బల్ల చుట్టూ చేరి డబ్బాలు విప్పుకుని, ఒకరి కూర ఒకరు రుచి చూసుకుంటారు. నేను ఐదేళ్ళుగా బ్యాటరీ గదిలో ఒక్కదాన్నే తింటున్నాను. ఈ పని పూర్తి చేసి వచ్చి దరఖాస్తు ఇచ్చేయాలనుకున్నాను.

పదింపావుకి ఖమ్మంలో దిగాను. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, రిక్షాలో బస్టాండుకు వెళ్ళాను. యెల్లందు, టేకులపల్లి మీదుగా కొత్తగూడెం పోయే బస్సు పదకొండుకి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమ వైపు కూర్చుంటే మంచిది, మధ్యాహ్నం ఎండ కుడి వైపు కొడుతుంది. నా పక్క సీట్లో ఒక ముసలమ్మ కూర్చుంది. కొత్తగూడెంలో బస్సు మారి భద్రాచలం పోతోందట. నా పెట్టె కేసి చాలాసేపు చూసి అడిగింది.

"ఏంది బిడ్డా అది? కొత్త చీరలా?"

"కాదమ్మా, టెలిఫోను సామాను."

"ఎవరికి తీస్కపోతున్నవ్?"

"నేనే బిగించాలి."

ఆవిడ నా చేతుల్ని తిప్పి చూసింది. మూటలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది.

యెల్లందు దాటాక అడవి మొదలైంది. టేకు చెట్లు ఆకులు రాల్చేసి ఉన్నాయి. వాటి మధ్య మోదుగులు ఎర్రగా పూశాయి. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు వంగి పూలు ఏరుతున్నారు. ఒంటిగంటన్నరకి టేకులపల్లిలో దిగేసరికి లైన్‌మన్ యాదగిరి కిరాయి జీపు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. యాభై దాటినవాడు. నన్ను దాటుకుని బస్సు లోపలికి తొంగి చూశాడు.

"ఇంజనీర్ సారు దిగలేదా అమ్మా?"

"నేనే."

సారు కోసం కొన్న సిగరెట్ పెట్టె చేతిలో ఉంది. దాన్ని గబగబా జేబులో పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకున్నాను. జీపు అడవిలో తొమ్మిది కిలోమీటర్లు పోయేసరికి మూడయింది.

రాళ్ళగూడెంలో కలప డిపో, అటవీ శాఖ రేంజి ఆఫీసు, చిన్న దవాఖానా, నాలుగు దుకాణాలు, కొన్ని ఇళ్ళు ఉన్నాయి. అన్నీ కలిపి ఇరవై మూడు ఫోన్లు. పాత ఎక్స్ఛేంజి ఒక పెంకుటి గది. దానికి యాభై అడుగుల దూరంలో కొత్త గది కట్టారు. అందులో బీరువా అంత ఇనప పెట్టె, నా కార్డులు బిగించాల్సిన కొత్త ఎక్స్ఛేంజి, నా కోసం సిద్ధంగా ఉంది. పాత గదిలో బోర్డు ముందు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు కమల. వయసు ఇరవై. పక్క తండా అమ్మాయి. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసై, ఇంటర్ సగంలో ఆపేసి, మూడేళ్ళుగా రోజుకూలీ మీద ఆ బోర్డు నడుపుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కాసేపటికి మెల్లగా అడిగింది.

"మేడం, మీ డబ్బా మోగుడు షురువైతే నా పని పోతది గదా?"

"పోతుంది," అన్నాను. అంతకన్నా మెత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె తల ఊపి కూర్చుంది. అప్పుడే, ఎవరో ఫోను చేస్తున్నారన్న గుర్తుగా, బోర్డు మీద ఒక చిన్న మూత కిందికి వాలింది. ప్లగ్గు గుచ్చి, "నంబర్ చెప్పండి," అంది.

నాకు స్కూలు వెనక ఖాళీగా ఉన్న టీచరు క్వార్టరు ఇచ్చారు. ఒక మంచం, ఒక కుండ, ఒక కిటికీ. యాదగిరి భార్య అన్నం, పప్పు, వంకాయ కూర పంపింది. గడప మీద కూర్చుని ఒక్కదాన్నే తిన్నాను. ఎదురుగా ఎవరో ఉన్నట్టు "కూర బాగుంది," అని పైకే అని, నా గొంతు నాకే వింతగా తోచి ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున ఎనిమిదికి పని మొదలుపెట్టాను. కార్డులన్నీ అమర్చి, బ్యాటరీలు కలిపి, పదకొండున్నరకి స్విచ్చి వేశాను. పచ్చ దీపాలు వరసగా వెలిగాయి. యాదగిరి చప్పట్లు కొట్టాడు. ఏడు నిమిషాలు గడవకముందే ఎర్ర దీపం వెలిగింది. ఫోను ఎత్తితే లోపల పెద్ద మూలుగు. కార్డులు తీసి మళ్ళీ పెట్టాను. తీగలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. సాయంత్రం ఐదు దాకా అదే పని, అదే మూలుగు.

బుధవారం మధ్యాహ్నానికి కూడా మార్పు లేదు. తలుపు దగ్గర రేంజి ఆఫీసు వాళ్ళిద్దరు నిలబడి, "హైదరాబాద్ నుంచి ఎవరన్నా సారును పిలిపిస్తే అయిపోతది," అనుకోవడం వినిపించింది. స్క్రూడ్రైవరు కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి కమల మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉంది.

"మేడం, ఒక మాట చెప్పనా? ఎండకాలం నా బోర్డు గూడ గిట్లనే మూలుగుతది. వెనక భూమి తీగ గుంత ఉంటది గదా, దాంట్ల నీళ్ళు పోస్తె ఊకుంటది. రోజు రెండు బిందెలు పోస్త."

యాదగిరి పకపకా నవ్వాడు. "ఇది కొత్త మిషను, కమలా. నీళ్ళు తాగదు."

నాకూ మొదట చిరాకే వచ్చింది. భూమి తీగ, అంటే ఎర్తింగు, కొలతలు కాగితం మీద ఉన్నాయి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ కాగితం మీద నెల చూసే వరకే ఆ ధీమా. కొలిచింది ఆగస్టులో, వానల్లో. వచ్చిన రోజే నేను మళ్ళీ కొలవాల్సింది, కొలవలేదు. మీటరు తీసుకుని కొత్త గుంత దగ్గరికి పరిగెత్తాను. ముల్లు చివరి దాకా పోయింది, అంటే కరెంటు భూమిలోకి దిగడమే లేదు. గుంత తవ్విన చోట అంతా రాయి, తేమ అన్నది లేదు. పెంకుటి గది వెనక కమల మూడేళ్ళుగా నీళ్ళు పోసిన గుంత దగ్గర కొలిస్తే ముల్లు అసలు లేవనే లేదు.

"కమలా," అన్నాను, "తప్పు నాది. నువ్వు చెప్పిందే నిజం."

ముగ్గురం కలిసి యాభై అడుగుల పొడవున జానెడు లోతు కందకం తవ్వాం. యాదగిరి గునపం వేశాడు, నేనూ కమలా మట్టి ఎత్తాం. కందకంలో పరిచిన రాగి పట్టీని పాత గుంతకు కలిపే చోట టంకం కమల చేతే పెట్టించాను. మొదటిసారి వేలు కాల్చుకుంది, రెండోసారి అతుకు నున్నగా వచ్చింది. ఆ అతుకును ఆమె నాలుగుసార్లు ముట్టుకుని చూసింది. నాలుగున్నరకి స్విచ్చి వేశాం. పచ్చ దీపాలు వెలిగాయి. పది నిమిషాలు, అరగంట, గంట. ఫోను ఎత్తితే మూలుగు లేదు, డయల్ టోను ఒక్కటే సన్నగా పలికింది. మీటరు కమల చేతికిచ్చి ఎలా కొలవాలో చూపించాను. ఆమె చీకటి పడే దాకా గదిలో ఉన్నవన్నీ కొలుస్తూనే ఉంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి లైన్లు కొత్త పెట్టెకు మార్చాలి. కమల బోర్డు ముందు ఆఖరిసారి కూర్చుని, ఇరవై మూడు నంబర్లకూ తనే ఫోను చేసి చెప్పింది. "ఇగ నన్ను అడగొద్దు. మీరే నంబరు తిప్పుకోవచ్చు. అవ్, ఇయ్యాల్టి నుంచే." ఎవరో ఏదో అడిగినట్టున్నారు. "నా సంగతి తర్వాత చూద్దాం తీ, సేటూ," అని ప్లగ్గు తీసేసింది. తర్వాత చీర కొంగుతో బోర్డు తుడిచింది. నేను లైన్లు మార్చాను.

మధ్యాహ్నం కందకం పక్క నీడలో ఇద్దరం కూర్చుని తిన్నాం. నేను ఐటిఐ గురించి చెప్పాను. పదో తరగతి చాలు, ఎలక్ట్రానిక్స్ ట్రేడులో రెండేళ్ళు చదివితే మా శాఖలోనే టెక్నీషియన్ పరీక్ష రాయొచ్చు.

"అక్కడ ఆడోళ్ళు ఉంటరా మేడం?"

"ఆ ట్రేడులో నువ్వొక్కదానివే ఉండొచ్చు."

"మీ ఆఫీసుల?"

"నేనొక్కదాన్నే."

"మంచిగనే ఉంటదా గట్ల?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. బ్యాటరీ గదిలో తినడం చెప్పాను. రాసి పెట్టుకున్న దరఖాస్తు సంగతీ చెప్పాను. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది.

"మీరు పారిపోతున్నరు. మరి నన్నెందుకు పొమ్మంటున్నరు?"

కాలేజీలో నేను మొదటిసారి సొంతంగా కట్టిన రేడియో సంగతి చెప్పాను. తీగ తగిలించగానే అందులోంచి ఎవరో పాట పాడారు. క్లాసులో నా పక్కన ఎవరూ లేరు, అయినా ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను. "నిన్న పచ్చ దీపాలు ఆరకుండా నిలబడ్డప్పుడు మళ్ళీ అదే నవ్వు వచ్చింది. ఇప్పటిదాకా అది ఎవరితోనూ పంచుకోలేదు. నిన్న నువ్వున్నావు," అన్నాను.

కమల తన కాలిన వేలి వైపు చూసుకుంటూ, "నిన్న నాకు గూడ నిద్ర పట్టలేదు," అంది.

సాయంత్రం ఆమె తల్లి వచ్చింది. చేలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు మట్టి. గుమ్మంలో నిలబడి కూతురితో లంబాడీలో చాలాసేపు మాట్లాడింది. నాకు "ఐటిఐ" అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒంటిగ గిట్ల అడవులు పట్టుకుని తిరుగుతవు. భయం కాదా బిడ్డా?"

"కొన్నిసార్లు అవుతుందమ్మా."

"మరి?"

"పని అయిపోయాక పోతుంది."

ఆవిడ కొత్త గదిలోకి వెళ్ళి ఇనప పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆలోచిస్తం," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఏడున్నరకి అదే జీపులో బయల్దేరాను. కమల కనబడలేదు. టేకులపల్లిలో తొమ్మిదింటి బస్సు కిక్కిరిసి ఉంది, యెల్లందు దాకా నిలబడ్డాను. అక్కడ సీటు దొరికాక సంచిలోంచి దరఖాస్తు తీసి చదివాను. అక్షరం తప్పు లేదు. దాన్ని చింపి, కిటికీలోంచి పారేయడం ఇష్టం లేక, ముక్కలు సంచిలోనే పెట్టుకున్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. సోమవారం మళ్ళీ ఆ బ్యాటరీ గదే గదా అని దిగులుగానే ఉంది.

ఖమ్మం చేరేసరికి పన్నెండు. బండి మూడింటికి. భోజనం చేసి, స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి రాళ్ళగూడెం ఎక్స్ఛేంజి నంబరు తిప్పాను. బయటి నుంచి లైను కలుస్తోందో లేదో చూడాలి. రెండు రింగులకే ఎత్తారు.

"హలో, ఎక్స్ఛేంజి."

"కమలా? నువ్వక్కడ ఏం చేస్తున్నావు?"

"గుంతల నీళ్ళు పోసి వచ్చిన మేడం. ఈ గది తాళంచెవి యాదగిరి తాత నాకే ఇచ్చిండు. అమ్మ ఒప్పుకున్నది. మా మామ వచ్చే వారం కొత్తగూడెం తీస్కపోతడు, ఫారం తెస్తం. ఎలక్ట్రానిక్సే రాస్త. బండి ఇంక ఎక్కలేదా? తోడెవరన్న ఉన్నరా?"

"లేరు. ఒక్కదాన్నే."

అవతల బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నేను గూడ వస్తున్న గదా మేడం," అంది.

బండి పావుగంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి బెంచీ ఖాళీగానే ఉంది, వరంగల్లు దాకా ఎవరూ కూర్చోలేదు. ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. ఇప్పపూలు రాలే రోజుల్లో వెళ్ళండి, మంచినీళ్ళు వెంట పెట్టుకోండి. అక్కడి మనుషులు ఏదైనా చెబితే కాగితం చూడకముందే వినండి. రెండేళ్ళ పాటు అబ్బాయిలు నిండిన క్లాసులో ఆ పిల్ల ఒక్కతే కూర్చుంటుంది. అది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, తెలిసే పంపుతున్నాను. ఆ బరువు ఖమ్మంలో దిగిపోలేదు, నాతోనే బండెక్కింది.

డోర్నకల్లు దాటాక సంచిలోంచి నోటుబుక్కు తీశాను. నాకు ఎవరూ చెప్పనివన్నీ ఆమెకు రాద్దామనుకున్నాను. ఏ బెంచీ మీద కూర్చోవాలి, ఎవరైనా నవ్వితే ఏం చేయాలి, ఏ పుస్తకం ముందు చదవాలి. మొదటి వాక్యం చాలాసేపు దొరకలేదు. మహబూబాబాదులో బండి ఆగి, మళ్ళీ కదిలింది. అప్పుడు రాశాను:

"కమలా, టంకం పొగకు మొదటి వారం దగ్గు వస్తుంది. తర్వాత ఆ వాసన కోసమే పొద్దున్నే క్లాసుకు పరిగెడతావు."