ఆఖరున లేచే సర్టిఫికెట్ల బాబాయ్

కొందరికి మిఠాయి కొట్టు కనిపిస్తే కాళ్లు ముందుకు పడవు, కొందరికి బట్టల కొట్టు కనిపిస్తే పడవు. బాబాయికి పరీక్ష కనిపిస్తే పడవు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి నడిపించే నెట్‌వర్క్ ఇంజనీర్లకు ఈ లోకంలో ఎన్ని సర్టిఫికెట్ పరీక్షలున్నాయో అన్నీ రాశాడు. అన్నీ పాసయ్యాడు. గడువు తీరినవాటిని మళ్లీ రాసి మళ్లీ పాసయ్యాడు. ఊళ్లోని పెద్దాసుపత్రిలో నెట్‌వర్కంతా ఆయన చేతిలోనే ఉంది. అక్కడ ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాడు జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా ప్రపంచానికి ఆయన సర్టిఫికెట్ల బాబాయ్.

అంతటి మనిషికీ ఒక వింత అలవాటుంది. పరీక్ష గదిలోంచి అందరికంటే ఆఖరున బయటికొస్తాడు. నిన్నగాక మొన్న పుస్తకం తెరిచిన కుర్రాళ్లు కూడా రాసేసి వెళ్లిపోతారు. ఈయన మాత్రం కుర్చీకి అతుక్కుని ఉంటాడు.

ఈ సంగతి గువ్వకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పళ్ల డాక్టరుకూ దర్జీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఆ పరీక్షా కేంద్రంలో, వచ్చినవాళ్లను తనిఖీ చేసి లోపలికి పంపేది, అద్దం ఇవతల కూర్చుని వాళ్లను కనిపెట్టి చూసేది ఆ పిల్లే. గొంతు పెద్దగా పెగలదు కాబట్టి అందరూ గువ్వ అనేవారు. కళ్లు మాత్రం దేన్నీ వదిలేవి కావు.

"జేబులు తిప్పండి బాబాయ్."

"తిప్పానమ్మా."

"వాచీ?"

"ఇచ్చేశా."

"కళ్లజోడు తీసి ఒకసారి చూపించండి."

"తీస్తే నువ్వు కనపడవు. మరి నీకే ఇచ్చానో, పక్కింటి పళ్ల డాక్టరుకిచ్చానో నాకెలా తెలుస్తుంది?"

వెనక వరసలో మొహాలు పాలిపోయి నిలబడ్డ కుర్రాళ్లు కిసుక్కున నవ్వేవారు. వాళ్ల మొహాల్లోకి కాస్త రక్తం వచ్చేది.

లోపల ఆయన అంతసేపు ఏం చేస్తాడన్న దానిమీద బయట పెద్ద చర్చే నడిచేది. ఒక్కో ప్రశ్నకూ మూడు దారుల్లో జవాబు కడతాడని ఒకడు. ప్రశ్నలు తయారుచేసినవాడి తప్పులు పడతాడని ఇంకొకడు. "మీకెవరికీ తెలీదురా, వచ్చే ఏడాది పేపరు కూడా ఆయన ఇప్పుడే రాసేస్తున్నాడు" అని మూడోవాడు. గువ్వకు కెమెరాలో కనిపించేది వేరు. కాసేపయ్యాక ఆయన చెయ్యి మౌసు ముట్టేది కాదు. పొట్టమీద చేతులు పెట్టుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండేవాడు. అంతా మనసులోనే సరిచూసుకుంటున్నాడు కాబోలు, ఎంత బుర్రో అని గువ్వ నోరు తెరుచుకుని చూసేది.

కేంద్రం నడిపే మేడం మాత్రం విసుక్కునేది. "ఈయన పాసవడం ఎంత ఖాయమో, నేను ఇంటికి ఆలస్యంగా పోవడం అంత ఖాయం!"

ఆయన్ని తీసుకెళ్లడానికి గొడుగేసుకుని పిన్ని వచ్చేది.

"ఇంకా తెమల్లేదా మీ బాబాయి?"

"లేదు పిన్నీ."

"ఇల్లంతా సర్టిఫికెట్లేనే. రంగు వేయిద్దామంటే గోడేదీ? పైగా వాటికి పాల ప్యాకెట్లకున్నట్టు గడువట. మూడేళ్లకోసారి విరిగిపోతాయట. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ విరక్కుండా ఉన్నది నేనొక్కదాన్నే!"

ఒకరోజు పరీక్ష మధ్యలో గదిలోని కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. మేడం ఫోను పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తింది. అనుమతి లేకుండా కుర్చీలోంచి లేవకూడదు కనుక బాబాయి చెయ్యెత్తాడు. గువ్వ వెళ్లింది.

"అమ్మా, ఆ అద్దాల బీరువాలో తీగలు గుచ్చిన పెట్టె ఉంది చూడు. దాని దీపాలు ఎలా కొట్టుకుంటున్నాయి?"

"అన్నీ ఒక్కసారే బాబాయ్. పిచ్చెక్కినట్టు."

"పొద్దున దాని దగ్గరికి ఎవరైనా వెళ్లారా?"

"ఊడ్చే ఆయమ్మ వెళ్లింది. ఒక తీగ చివర వేలాడుతుంటే బాగోలేదని తీసి ఖాళీ కన్నంలో పెట్టింది. దాని రెండో చివర కూడా ఆ పెట్టెలోనే ఉంది."

"ఇంకేం! ఆ పెట్టె తన మాట తనే విని, తనకి తనే బదులు చెప్పుకుంటూ కూర్చుంది. ఇంకెవరి మాటా దానికి వినపడదు. పీకెయ్."

గువ్వ పీకింది. కంప్యూటర్లన్నీ లేచి కూర్చున్నాయి. కుర్చీలోంచి కదలకుండా, మందూ మాకూ లేకుండా, చచ్చినదాన్ని బతికించిన వైద్యుణ్ణి చూసినట్టు చూసింది ఆయన్ని.

"నన్ను చూస్తావేం? అడిగింది నేను, చూసింది నువ్వు" అన్నాడు బాబాయి. "అద్దం ఇవతలినుంచి చూసింది చాలు. నువ్వూ లోపల కూర్చో."

ఆయన మాట వేళకే వచ్చింది. ఇకనుంచి ఎక్కడో దూరాన కూర్చుని కెమెరాల్లో కాపలా కాస్తారట. నెలాఖరుకు గువ్వ కుర్చీ ఎత్తేస్తారు. పై అంతస్తు ఆఫీసులో నెట్‌వర్క్ సహాయకురాలి ఉద్యోగం ఉంది. చదువెంతని వాళ్లు అడగరు, మొదటి మెట్టు సర్టిఫికెట్ ఉంటే చాలంటారు. గువ్వ బాబాయి దగ్గర పాఠాలు చెప్పించుకుంది. అడిగినవన్నీ చెప్పేది. కానీ పరీక్ష రోజు దగ్గరపడేకొద్దీ అన్నం సయించలేదు. కారణం పిన్ని దగ్గర ఒక్కసారి నోరు జారింది.

"పదో తరగతి లెక్కల పరీక్షలో అందరూ వెళ్లిపోయారు పిన్నీ. నేనొక్కదాన్నే మిగిలా. 'ఇంకెంతసేపే?' అని మాస్టారు తాళంచెవుల గుత్తి ఆడించారు. అంతే, జవాబులన్నీ ఎగిరిపోయాయి. సగం కాగితం ఇచ్చేసి వచ్చేశా. మళ్లీ బడి మెట్లెక్కలేదు."

పరీక్ష రోజు తనిఖీ మేడమే చేసింది. గువ్వ వెళ్లి కూర్చునేసరికి పక్క కుర్చీలో బాబాయి ఉన్నాడు.

"మీరేంటి బాబాయ్?"

"నాకూ పరీక్షుందమ్మా. మాట్లాడకు, మేడం తిడుతుంది."

మొదట బాగానే సాగింది. తర్వాత ఒక కుర్చీ జరిగింది. ఇంకొకటి జరిగింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. తాళంచెవుల చప్పుడు చెవిలో మొదలైంది. ఎదురుగా ఉన్న ప్రశ్నలో అక్షరాలు చీమల్లా పాకాయి. లేచి పోదామనే అనుకుంది.

అప్పుడు పక్కనుంచి ఒక నిట్టూర్పు వినపడింది. అలాంటిలాంటిది కాదు, గదిలో గాలంతా ఆయన ముక్కులోంచే వచ్చినట్టుంది. గువ్వ ఓరగా చూసింది. బాబాయి తల గోక్కుంటున్నాడు. పెన్ను మూత కొరుకుతున్నాడు. తెర వైపు దగ్గరగా వంగి, దూరంగా జరిగి, మళ్లీ నిట్టూర్చాడు. తనకంటే నిదానంగా రాసేవాడు ఈ గదిలో ఇంకొకడున్నాడు! ఎవరో తన వెనక వరసలో నిలబడ్డట్టయింది గువ్వకు. అక్షరాలు నిలిచాయి. ప్రశ్న చదివింది. జవాబు తెలిసినదే.

దాని తర్వాతి ప్రశ్నకు వెళ్లేలోపల గువ్వకు ఇంకొకటి కూడా తట్టింది. ఇన్నాళ్లూ ఈ గదిలో ఆఖరుదాకా మిగిలినవాళ్లు గుర్తొచ్చారు. మూడోసారి రాయడానికొచ్చిన బట్టతల పెద్దాయన. పసిబిడ్డను తల్లి దగ్గర వదిలొచ్చిన అమ్మాయి. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివే కుర్రాడు. వాళ్లు లేచాకే బాబాయి లేచేవాడు. ప్రతిసారీ. అద్దం ఇవతల కూర్చుని అన్నీ చూసే తను, ఎదురుగా ఉన్నదాన్ని ఒక్కసారీ చూడలేదు.

గువ్వ పాసయింది. మేడం అది చెప్పి, రెండో కాగితం చూసి కెవ్వుమంది.

"బాబాయ్ గారు తప్పారు!"

పళ్ల డాక్టరు తలుపు తీసి ఎవరికేమైందని అడిగాడు. పిన్ని గొడుగు జారవిడిచింది. ఇంతకీ ఏం పరీక్ష అని చూస్తే, గోదాముల్లో బరువులెత్తే బండి నడిపేవాళ్లు రాసేది.

"ఈయన రాయడానికి నెట్‌వర్క్ పరీక్షలేవీ మిగల్లేదు మరి" అంది మేడం. "ఈ పూటకి ఏది ఉంటే అదే ఇమ్మన్నారు."

"సైకిలెక్కితే దిగడం రాని మనిషివి, నీకు ఆ బండెందుకయ్యా?" అంది పిన్ని. అంటూనే గువ్వ వైపు ఒకసారి చూసి, సంగతి అర్థమై, జారిన గొడుగు తీసుకుంది.

బాబాయి మాత్రం కాగితం పట్టుకుని తప్పినవాళ్లందరిలాగే వాదానికి దిగాడు. "ఆ మూడో ప్రశ్న సరిగ్గా అడగలేదండీ! వాలు మీద బండి ఎటు తిప్పాలంటే, ఖాళీదా నిండుదా చెప్పొద్దూ? చెప్పారా? పోనీండి. మళ్లీ ఎప్పుడుందో చూడమ్మా."

గువ్వ కంప్యూటరులో చూసింది. "మంగళవారం. ఆ పూట గదిలో మీరొక్కరే బాబాయ్."

"ఒక్కణ్ణేనా?" ఆయన మొహం అదోలా అయింది. మెడ తడుముకున్నాడు. "అంత పెద్ద గదిలోనా? ఇంకెవరూ లేరా?"

"నేనుంటాగా" అంది గువ్వ. ఆ మాట దర్జీ కొట్టు దాకా వినపడింది. "నెలాఖరు దాకా ఈ కుర్చీ నాదే. మీరు కంగారు పడకుండా నిదానంగా రాయండి."

పిన్ని రెండు చేతులూ జోడించింది. "నీకు దణ్ణం పెడతానే తల్లీ, నిదానంగా అని మాత్రం అనకు!"